సీబీపీ రిపోర్టును ఏ వరుసలో చదవాలి

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు నేరుగా మందపాటి అక్షరాల్లో అచ్చయిన అంకెల మీదికి పోతాయి. పక్కన ‘ఎక్కువ’ అనో ‘తక్కువ’ అనో గుర్తు కనిపిస్తే కంగారు పడతాం. ఏ గుర్తూ లేకపోతే కాగితం మడిచి లోపల పెట్టేస్తాం. రెండూ పొరపాట్లే. సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) అని, సీబీసీ (కంప్లీట్ బ్లడ్ కౌంట్) అని పిలిచే ఈ రక్తకణాల పరీక్షలో ఇరవై దాకా అంకెలుంటాయి. అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకొంటాయి కాబట్టి, ఒక్కదాన్ని విడదీసి చదివితే తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. కింది వరుసలో చదివినంత మాత్రాన రోగనిర్ధారణ మీ చేతుల్లోకి రాదు గానీ, వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది.

ముందుగా కణాల ఆయుష్షు తెలుసుకోండి

గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని గాజు గొట్టంలో పోసి యంత్రంలో గిర్రున తిప్పితే మూడు పొరలుగా విడిపోతుంది. అడుగున ఎర్ర కణాలు సుమారు 45 శాతం, వాటి మీద తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ కలిసిన పలచని తెల్లటి పొర, ఆ పైన లేత పసుపు రంగు ప్లాస్మా ఉంటాయి. ప్లాస్మాలో 90 శాతానికి పైగా నీరే. మిగిలినది ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్లు, ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్లు, లవణాలు, చక్కెర, హార్మోన్లు. 70 కిలోల బరువున్న మనిషిలో మొత్తం రక్తం 5 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

రిపోర్టు చదవడానికి వీటన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది కణాల ఆయుష్షు. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది, ప్లేట్‌లెట్ ఎనిమిది నుంచి పది రోజులు ఉంటుంది, న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం రక్తంలో తిరిగేది కొన్ని గంటలు మాత్రమే. అంటే ఎముకల్లోని మూలుగ పని పూర్తిగా ఆగిపోయినా ఎర్ర కణాలు రోజుకు ఒక శాతం లోపే తగ్గుతాయి. దీన్నిబట్టి ఒక లెక్క వేసి చూడండి. పోయిన వారం హిమోగ్లోబిన్ 12 ఉన్న మనిషికి ఈ వారం 9 వచ్చిందనుకుందాం. మూలుగ పూర్తిగా చేతులెత్తేసినా ఏడు రోజుల్లో 12 అనేది 11.2 దగ్గరే ఆగాలి. కాబట్టి ఇక్కడ తయారీ లోపం మాత్రమే కారణం కాజాలదు. రక్తం ఎక్కడో కారిపోతూ ఉండాలి, కణాలు లోపలే పగిలిపోతూ ఉండాలి, ఎక్కించిన సెలైన్ వల్ల రక్తం పలచబడి ఉండాలి, లేదా రెండింటిలో ఒక రిపోర్టు తప్పై ఉండాలి.

మొదటి మెట్టు: శాంపిల్‌ను అనుమానించండి

సీబీపీ రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి తీస్తారు. అందులోని ఈడీటీఏ అనే రసాయనం కాల్షియాన్ని పట్టేసుకొని రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. తీసిన వెంటనే గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి కలపాలి. అలా చేయకపోతే లోపల కనిపించని చిన్న గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు తక్కువగా లెక్కకు వస్తాయి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే అన్ని కణాలూ కలిసికట్టుగా తగ్గినట్టు కనిపిస్తాయి. చేతికి కట్టిన పట్టీని నిమిషానికి మించి బిగించి ఉంచితే రక్తం చిక్కబడి అంకెలు పెరుగుతాయి. శాంపిల్ చాలా గంటలు నిలవ ఉంటే ఎర్ర కణాలు ఉబ్బి, వాటి పరిమాణం ఉన్నదానికంటే పెద్దగా నమోదవుతుంది. ఈ పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పని లేదు.

రిపోర్టు లోపలే పొంతన చూసుకోవడానికి ప్రయోగశాలల్లో ఒక పాత మోటు లెక్క ఉంది: మామూలు పరిమాణంలో ఉన్న ఎర్ర కణాల విషయంలో హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే దాదాపు హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాలు ఆక్రమించే శాతం, రావాలి. హిమోగ్లోబిన్ 13 అయితే హిమటోక్రిట్ 39 దగ్గర ఉండాలి. కణాల పరిమాణం మామూలుగానే ఉండి కూడా ఈ లెక్క బాగా తప్పితే, జబ్బును అనుమానించే ముందు శాంపిల్‌ను అనుమానించడం మంచిది.

రెండో మెట్టు: మందపాటి అంకెలను కాసేపు పక్కన పెట్టండి

పక్కన ముద్రించే ‘సాధారణ పరిధి’ని ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అందులో ఇమిడేలా లెక్కిస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఇరవై మందిలో ఒకరి అంకె పరిధి బయట పడడం ఆ లెక్కలోనే ఉంది. ఇరవై అంకెలున్న రిపోర్టులో ఒకటి రెండు అంకెలు గీత దాటడం అందుకే వింత కాదు. ఎంసీహెచ్‌సీ 31.8 వచ్చిందని, ఎండీడబ్ల్యూ అనో పీసీటీ అనో ఎన్నడూ వినని పేరు ఎదుట గుర్తు పడిందని నిద్ర మానుకోనక్కర్లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పదేళ్లుగా ప్లేట్‌లెట్లు 1,40,000 దగ్గరే కదలకుండా ఉన్న మనిషికి ఆ ‘తక్కువ’ గుర్తు సాధారణంగా ఏ హానీ చేయదు. ఎప్పుడూ 3,50,000 ఉండే మనిషికి ఆరు నెలల్లో 1,60,000కి దిగితే, గుర్తేమీ పడకపోయినా అది అడగాల్సిన విషయం. కాబట్టి పాత రిపోర్టులు తీసి, తేదీల వారీగా హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్ర కణం సగటు పరిమాణం), తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అనే నాలుగు నిలువు గడులు గీసి రాసుకోండి. నా మటుకు, రిపోర్టు పక్కన అచ్చు వేసే పరిధి కంటే ఈ చేతిరాత కాగితానికే ఎక్కువ విలువ ఇస్తాను. ఒక రిపోర్టులో 130 అనీ ఇంకోదానిలో 13 అనీ ఉంటే బెదరకండి. మొదటిది లీటరుకు, రెండోది డెసిలీటరుకు గ్రాముల లెక్క.

మూడో మెట్టు: హిమోగ్లోబిన్

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం డెసిలీటరుకు పురుషుల్లో 13 గ్రాములు, గర్భం లేని స్త్రీలలో 12, గర్భిణుల్లో 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. గర్భం రెండో త్రైమాసికంలో ఈ హద్దు 10.5. గర్భిణికి వేరే హద్దు ఎందుకంటే, ఆ సమయంలో ఎర్ర కణాలూ పెరుగుతాయి, ప్లాస్మా అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది, అందువల్ల రక్తం కొంత పలచబడుతుంది.

హిమోగ్లోబిన్ అంకె ఒక గాఢత మాత్రమే. ఒంట్లో మొత్తం ఎంత రక్తం ఉందో అది చెప్పదు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన మనిషిలో రక్తహీనత ఉన్నా అంకె బాగానే కనిపిస్తుంది. ప్రమాదంలో హఠాత్తుగా రక్తం పోయిన మనిషిలో మొదటి కొన్ని గంటలు హిమోగ్లోబిన్ దాదాపు తగ్గదు, ఎందుకంటే కణాలూ ప్లాస్మా ఒకే పాళ్లలో బయటికి పోయాయి. కణజాలాల నుంచి నీరు రక్తనాళాల్లోకి వచ్చి చేరిన తర్వాతే అంకె దిగుతుంది. ఆ గంటల్లో నాడి వేగం, రక్తపోటు చెప్పేదే నిజం.

అంకె మరీ ఎక్కువగా ఉండడం కూడా మంచి వార్త కాదు. పురుషుల్లో 16.5, స్త్రీలలో 16 దాటి నిలకడగా ఉంటే పొగతాగడం, ఊపిరితిత్తుల జబ్బు, నిద్రలో శ్వాస ఆగడం, ఎత్తైన ప్రాంతంలో నివాసం వంటి కారణాలు చూస్తారు. అవేవీ కాకపోతే మూలుగే అదుపు తప్పి ఎర్ర కణాలను తయారుచేసే పాలిసైథీమియా వేరా కోసం జాక్-2 జన్యుపరీక్ష చేయిస్తారు.

నాలుగో మెట్టు: ఎంసీవీ, దాని పక్కనే ఎర్ర కణాల సంఖ్య

రక్తహీనత ఉందని తేలాక చూడాల్సిన అంకె ఎంసీవీ. ఇది ఒక్కో ఎర్ర కణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు. 80 కంటే తక్కువైతే చిన్న కణాలు, 100 దాటితే పెద్ద కణాలు. రక్తహీనత కారణాల్లో సగం ఈ ఒక్క అంకెతోనే ఒక పక్కకు తప్పుకుంటాయి.

చిన్న కణాలకు రెండు ప్రధాన కారణాలు ఇనుము లోపం, తలసీమియా వాహకత. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. చికిత్స మాత్రం పూర్తిగా వేరు. ఇద్దరు మనుషుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇద్దరికీ హిమోగ్లోబిన్ 10.4. మొదటి మనిషికి ఎర్ర కణాలు 45 లక్షలు, ఎంసీవీ 73, ఆర్‌డీడబ్ల్యూ (కణాల పరిమాణంలోని హెచ్చుతగ్గుల కొలత) 18.5. రెండో మనిషికి ఎర్ర కణాలు 56 లక్షలు, ఎంసీవీ 61, ఆర్‌డీడబ్ల్యూ 14. ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో, అంటే మైక్రోలీటరుకు ఎన్ని పది లక్షలో ఆ అంకెతో, భాగించండి. మొదటి మనిషికి 73ను 4.5తో భాగిస్తే 16 వస్తుంది. రెండో మనిషికి 61ని 5.6తో భాగిస్తే 11 లోపు వస్తుంది. 13 కంటే ఎక్కువైతే ఇనుము లోపం వైపు, తక్కువైతే తలసీమియా వాహకత వైపు మొగ్గు. 1973లో మెంట్జర్ అనే వైద్యుడు ప్రతిపాదించిన ఈ సూచిక అనుమానానికి దారి చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు.

ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే లెక్క మరచిపోయినా ఫర్వాలేదు. ఇనుము లేనప్పుడు మూలుగకు ముడిసరుకే కరువు, కాబట్టి కణాలు చిన్నవిగానూ తక్కువగానూ వస్తాయి. నిల్వలు క్రమంగా అడుగంటుతాయి గనుక ముందు పుట్టిన పెద్ద కణాలూ తర్వాత పుట్టిన చిన్న కణాలూ కలగలిసి, పరిమాణాల్లోని హెచ్చుతగ్గులను చెప్పే ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది. తలసీమియా వాహకుల్లో ఇనుముకు కొరత లేదు, గ్లోబిన్ గొలుసు తయారీలోనే పుట్టుకతో లోపం ఉంది. అందుకని కణాలన్నీ ఒకే తీరుగా చిన్నవిగా, సంఖ్యలో మాత్రం ఎక్కువగా ఉంటాయి. వాహకులకు ఫెరిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వలను తెలిపే పరీక్ష) చూడకుండా నెలల తరబడి ఇనుము మాత్రలు మింగించడం తరచుగా జరిగే తప్పు. ఎంసీవీ ఎన్నేళ్లు మందులు వాడినా 61 దగ్గరే ఉంటే హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగండి. భార్యాభర్తలిద్దరూ బీటా తలసీమియా వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ పరీక్ష పెళ్లికి ముందో గర్భానికి ముందో జరగాలనడం అందుకే.

ఇనుము లోపాన్ని ఖాయం చేసేది ఫెరిటిన్. పెద్దవారిలో 15 కంటే తక్కువైతే నిల్వలు ఖాళీ అయినట్టే. చాలామంది వైద్యులు 30 లోపు ఉన్నా లోపంగానే తీసుకుంటారు. అయితే జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాతం వంటి వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది కాబట్టి అటువంటి సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 70ని హద్దుగా పెట్టింది. ఇక ఇనుము ఎందుకు తగ్గిందన్నది అసలు ప్రశ్న. శరీరంలో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు. రోజూ పేగుల నుంచి కొత్తగా చేరేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే, మిగతా అవసరమంతా ముసలి ఎర్ర కణాలను ప్లీహంలో విడగొట్టి తిరిగి వాడుకోవడంతోనే తీరుతుంది. ఇంత పొదుపుగా నడిచే లెక్కలో పురుషుడికో, నెలసరి ఆగిపోయిన స్త్రీకో ఇనుము లోటు వచ్చిందంటే, వేరే కారణం రుజువయ్యేదాకా జీర్ణాశయంలోనో పేగుల్లోనో రక్తం కారుతోందనే అనుకోవాలి. మాత్రలు రాసిచ్చి పంపించేస్తే సరిపోదు. ఎండోస్కోపీ, కొలొనోస్కోపీ గురించి మీరే ప్రస్తావించండి.

పెద్ద కణాల విషయానికొస్తే, బి12, ఫోలిక్ ఆమ్లం లోపాలు ముందు వరసలో ఉంటాయి. మద్యం, కాలేయ వ్యాధి, థైరాయిడ్ తక్కువగా ఉండడం, మెథోట్రెక్సేట్ వంటి మందులు కూడా ఎంసీవీని పెంచుతాయి. కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు ఉంటే బి12 చూపించుకోకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడకండి: రక్తం అంకెలు బాగుపడతాయి, నరాల నష్టం మాత్రం లోలోపల ముదురుతూ పోతుంది. ఇనుము, బి12 రెండూ లోపించినప్పుడు ఒకటి కణాన్ని చిన్నది చేస్తే మరొకటి పెద్దది చేస్తుంది గనుక సగటు 88 దగ్గర అమాయకంగా కూర్చుంటుంది. అప్పుడు దొంగను పట్టిచ్చేది ఆర్‌డీడబ్ల్యూనే.

ఐదో మెట్టు: రెటిక్యులోసైట్లు

ఎంసీవీ మామూలుగా ఉన్న రక్తహీనతలో రెటిక్యులోసైట్ల లెక్క అడగండి. చాలా సీబీపీలలో ఇది ఉండదు, విడిగా రాయించుకోవాలి. ఇవి మూలుగ నుంచి అప్పుడే బయటికి వచ్చిన లేత ఎర్ర కణాలు. ఇవి పెరిగితే మూలుగ బాగానే పనిచేస్తోంది, కణాలు బయట పోతున్నాయి లేదా పగులుతున్నాయి అని అర్థం. పెరగకపోతే లోపం తయారీలో ఉన్నట్టు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఎరిత్రోపొయిటిన్ హార్మోన్ చాలక కణాలు తయారు కాకపోవడం ఈ రెండో కోవకు చెందుతుంది. శాతాన్ని అలాగే నమ్మకుండా మీ హిమటోక్రిట్‌తో గుణించి 45తో భాగించండి. హిమటోక్రిట్ 22.5 ఉన్న మనిషికి 3 శాతం ఘనంగానే కనిపిస్తుంది గానీ, సవరిస్తే అది 1.5 మాత్రమే, అంత రక్తహీనతకు మూలుగ అలా స్పందించడం చాలదు.

ఎర్ర కణాలు త్వరగా పగిలిపోయే జబ్బు ఉన్నవారిలో చక్కెర వ్యాధికి చేసే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపుతుందని కూడా ఇక్కడే గుర్తు చేయాలి. చక్కెర అంటుకోవడానికి ఆ కణాలకు వ్యవధి దొరకదు.

ఆరో మెట్టు: తెల్ల కణాల్లో శాతం కాదు, సంఖ్య

మొత్తం తెల్ల కణాలు మామూలుగా 4,000 నుంచి 11,000. రిపోర్టులో వాటిని ఐదు రకాలుగా శాతాల్లో విడగొడతారు. గందరగోళమంతా అక్కడే పుడుతుంది. మొత్తం 4,000, న్యూట్రోఫిల్స్ 30 శాతం, లింఫోసైట్లు 60 శాతం అనుకోండి. లింఫోసైట్ల ఎదుట ‘ఎక్కువ’ అని పడుతుంది. గుణించి చూస్తే లింఫోసైట్లు 2,400, అంటే మామూలే. తగ్గినవి న్యూట్రోఫిల్స్, 1,200 మాత్రమే ఉన్నాయి. వైరల్ జ్వరాల్లో ఈ తీరు తరచుగా కనిపించి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

న్యూట్రోఫిల్స్ 1,500 కంటే తగ్గితే లోపం, 500 కంటే తగ్గితే తీవ్ర లోపం. పెరిగాయంటే ఇన్ఫెక్షనే కానక్కర్లేదు. స్టెరాయిడ్ మందులు, గట్టి శారీరక శ్రమ, పొగతాగడం కూడా పెంచుతాయి. ఇసినోఫిల్స్ 500 దాటితే ఎలర్జీ, ఆస్తమా, నులిపురుగులు, కొత్తగా మొదలుపెట్టిన మందు గుర్తుకు రావాలి. వయసు మళ్లినవారిలో లింఫోసైట్లు 5,000 దాటి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే నెమ్మదిగా నడిచే ఒక రకం లుకేమియా కోసం ఫ్లో సైటోమెట్రీ చేస్తారు.

ఏడో మెట్టు: ప్లేట్‌లెట్లు

మామూలు పరిధి 1,50,000 నుంచి 4,50,000. ఒంటి మీద ఏ మచ్చా లేకుండా, చిగుళ్ల నుంచి చుక్క రక్తం రాకుండా, అంకె 40,000 అని వస్తే ముందు యంత్రం ఎలా లెక్కపెడుతుందో గుర్తు తెచ్చుకోండి. వాలెస్ కోల్టర్ 1953లో పేటెంటు పొందిన పద్ధతిలో కణాలు ఒక సన్నని రంధ్రం గుండా ఒక్కొక్కటిగా దూరుతుంటే, ఒక్కో కణానికి విద్యుత్ నిరోధం ఒక్కసారి ఎగసిపడుతుంది. ఆ ఎగుడు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. కొందరి రక్తంలో ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి. అలా అతుక్కున్న పది ప్లేట్‌లెట్లను యంత్రం పదిగా లెక్కించదు. ఒకే పెద్ద కణం అనుకుంటుంది. స్లైడు మీద మనిషి కంటితో చూస్తే గుంపులు తెలుస్తాయి. సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీస్తే చాలాసార్లు అంకె మామూలుగా వస్తుంది.

నిజంగానే తగ్గినప్పుడు, 50,000 పైన ఉంటే రక్తం తనంతట తాను కారడం అరుదు. 10,000 లోపు ఆ ప్రమాదం బాగా పెరుగుతుంది. డెంగీలో అందరూ ప్లేట్‌లెట్లనే గంటగంటకూ అడుగుతారు గానీ, దానితో పాటు హిమటోక్రిట్ ఎలా కదులుతోందో అడగండి. అది 20 శాతం పెరిగిందంటే ప్లాస్మా రక్తనాళాల నుంచి బయటికి ఊరిపోతోందని అర్థం. డెంగీలో షాక్‌కు దారితీసేది అదే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఆ రోజుల్లో ముట్టుకోకూడదు.

మామూలు ప్లేట్‌లెట్ల సంఖ్య ఉన్నంత మాత్రాన రక్తం సరిగా గడ్డకడుతుందని కాదు. హిమోఫిలియాలో లోపించేది రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో ఎనిమిదో లేదా తొమ్మిదో కారకం. సీబీపీ నిండా మామూలు అంకెలే ఉంటాయి, రక్తం గడ్డకట్టే వ్యవధిని కొలిచే ఏపీటీటీ అనే వేరే పరీక్షలో అంకె పెరుగుతుంది. చర్మం మీద నొక్కినా పోని ఎర్రటి చుక్కలు, ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం ప్లేట్‌లెట్ల సమస్యను సూచిస్తే, కీళ్లలోకీ కండరాల్లోకీ ఆలస్యంగా దిగే రక్తం కారకాల లోపాన్ని సూచిస్తుంది.

ఎనిమిదో మెట్టు: మూడూ కలిపి, స్లైడుతో సహా

ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ ఒకేసారి తగ్గితే చూపు మూలుగ వైపు తిరగాలి. బి12 లోపం కూడా ఈ పని చేయగలదు కాబట్టి వెంటనే లుకేమియా అనుకోనక్కర్లేదు. పెరిఫెరల్ స్మియర్ అనే స్లైడు పరీక్షను పాథాలజిస్టు స్వయంగా చూసి రాసిన వాక్యాలు రిపోర్టు చివర ఉంటాయి. యంత్రం ఇచ్చిన అంకెలన్నిటికంటే ఆ రెండు మూడు వాక్యాలు విలువైనవి. ‘బ్లాస్ట్ కణాలు’, ‘సికిల్ కణాలు’, ‘షిస్టోసైట్లు’ అన్న మాటలు అక్కడ కనిపిస్తే కాగితం పట్టుకొని అదే రోజు బయల్దేరండి.

ఆగకూడని సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. న్యూట్రోఫిల్స్ 500 లోపు ఉండి జ్వరం వస్తే ఆస్పత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. హిమోగ్లోబిన్ 7 లోపు ఉండడం, ఎంత ఉన్నా ఛాతీలో నొప్పి, ఆయాసం రావడం, మలం తారులా నల్లగా జిగటగా పోవడం కూడా రేపటికి వాయిదా వేసే సంగతులు కావు. ఇనుము మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, కానీ అది జిగటగా, దుర్వాసనతో ఉండదు.

చివరి మెట్టు: మళ్లీ ఎప్పుడు పరీక్షించుకోవాలి

ఇనుము మొదలుపెట్టిన వారం పది రోజులకు రెటిక్యులోసైట్లు పెరుగుతాయి; మూడు నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ సుమారు 2 గ్రాములు పెరగాలి. అందువల్ల నాలుగు రోజులకోసారి రక్తం ఇవ్వడం వృథా. నెలకు ఒకసారి చాలు. పెరగకపోతే మాత్రను పెంచే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి: మాత్రలు నిజంగా రోజూ పడుతున్నాయా, టీ కాఫీలతోనో కాల్షియం మాత్రతోనో కలిపి మింగుతున్నారా, రక్తం ఇంకా కారుతోందా, అసలు ఇది ఇనుము లోపమేనా. హిమోగ్లోబిన్ మామూలుకు చేరాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు మాత్రలు కొనసాగించి, ఆపే ముందు ఫెరిటిన్ ఒకసారి చూపించుకోండి.